బడి వదిలాక ఒక గంట: తోడు కావాల్సిన పిల్లలకు తోట ఏమిస్తుంది?



పిల్లల పుట్టినరోజు దగ్గర పడగానే చాలామంది పేరెంట్స్ మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, ఈసారి పార్టీ వద్దనుకున్నాం. ఏదైనా అనాథాశ్రమంలో భోజనం పెడదామనుకుంటున్నాం. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అడిగే మనసు మంచిది. అన్నం పెట్టడాన్ని మించిన పుణ్యం లేదని నమ్మే ఇళ్లు మన తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో చాలా ఉన్నాయి.

అయితే ఆ భోజనం ముగిశాక ఏం జరుగుతుందో ఒక్క నిమిషం ఆలోచిద్దాం. మన బిడ్డ మనతో ఇంటికి వచ్చేస్తాడు. అక్కడి బిడ్డ వచ్చే ఆదివారం ఇంకెవరిదో పుట్టినరోజుకు చప్పట్లు కొడతాడు. కేక్ మారుతుంది, మనుషులు మారతారు. తన పేరు గుర్తుపెట్టుకుని మళ్లీ వచ్చేవాళ్లు తక్కువ. ఆ పిల్లలకు లేనిది భోజనం ఒక్కటే అయితే మనం చేస్తున్నది సరిపోయేది. వాళ్లకు ఎక్కువగా లోటయ్యేది, చెప్పిన రోజుకు చెప్పిన టైముకు వచ్చే పెద్దవాళ్లు.

అందుకే ఈ నెల మీతో ఒక చిన్న పద్ధతి గురించి మాట్లాడాలనుకుంటున్నాను. బడి వదిలాక వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట, పిల్లలూ పెద్దలూ కలిసి కూరగాయల తోట వేయడం. వినడానికి మామూలుగానే ఉంటుంది. ప్రపంచంలో కొన్ని చోట్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం ఈ పనిని ఒక పాఠ్యప్రణాళికలాగా నడిపారు. ఎలా నడిపారో, మన ఊళ్లో మనం ఎలా చేయొచ్చో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో వరుసగా చూద్దాం.

ముందుగా: మనం ఎవరి గురించి మాట్లాడుతున్నాం?

"అనాథ" అనగానే మన కళ్ల ముందు ఆశ్రమం మెదులుతుంది. కానీ యునిసెఫ్ లెక్కలో 18 ఏళ్లలోపు వయసుండి తల్లినిగానీ, తండ్రినిగానీ, ఇద్దరినీగానీ పోగొట్టుకున్న ప్రతి బిడ్డా ఈ కోవలోకే వస్తుంది. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది ఆశ్రమాల్లో ఉండరు. మిగిలిన అమ్మ దగ్గరో, అవ్వాతాతల దగ్గరో, మేనమామ ఇంట్లోనో ఉంటారు. వీళ్లతో పాటు అమ్మానాన్న ఉన్నా తోడు అందని పిల్లలు కూడా ఉన్నారు. కూలి పనులకు బెంగళూరు, చెన్నై వెళ్లిన తల్లిదండ్రులు పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళ్లడం మన పడమటి మండలాల్లో కొత్త విషయం కాదు. తాగుడు వల్ల, దీర్ఘకాలపు జబ్బుల వల్ల ఇల్లు నడవని పిల్లలూ ఉంటారు.

ఇంకో మాట. వీళ్లు మన గేటు బయట మాత్రమే లేరు. విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన, అణగారిన వర్గాల పిల్లలకు కేటాయించాలి. మన రాష్ట్రంలో ఆ 25 శాతంలో 5 శాతం అనాథ పిల్లలకు, హెచ్‌ఐవీ ప్రభావిత పిల్లలకు, వికలాంగ పిల్లలకు కలిపి ఉంచారు. ఇక కోవిడ్ ఎన్నో ఇళ్లలో మిగిల్చిన ఖాళీ మీకు తెలిసిందే. అంటే మీ పాప పక్క బెంచీలో కూర్చున్న పిల్లల్లోనే ఇలాంటి వాళ్లు ఉండొచ్చు. "మా నాన్న చేసే పని" అని వ్యాసం రాయమన్నప్పుడు, "ఫ్యామిలీ ట్రీ" ప్రాజెక్ట్ ఇచ్చినప్పుడు, ఎవరికీ చెప్పకుండా తల వంచుకునేది వాళ్లే.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

మనం రోజూ వాడే ఒక మాటతో మొదలుపెడదాం: కిండర్‌గార్టెన్. జర్మన్ భాషలో దాని అర్థం "పిల్లల తోట". ఆ పేరు పెట్టినవాడు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. 1782లో పుట్టాడు. ఏడాది కూడా నిండకముందే తల్లిని పోగొట్టుకున్నాడు. 1837లో చిన్న పిల్లల కోసం ఒక కేంద్రం మొదలుపెట్టి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. ఆయన పిల్లల్ని మొక్కలతో పోల్చడమే కాదు, నిజంగానే తోట వేయించాడు. ప్రతి బిడ్డకూ సొంతంగా ఒక చిన్న మడి. వాటితో పాటు అందరికీ కలిపి ఉమ్మడి మళ్లు. "ఇది నాది, అది మనది" అనే రెండు మాటలూ బిడ్డ ఒకేసారి నేర్చుకోవాలన్నది అందులోని ఉద్దేశం. ఈ రోజు మన ఎల్‌కేజీ, యూకేజీ క్లాసుల్లో రంగుల చార్టులు ఉన్నాయి, తోట మాత్రం కుండీలకు పరిమితమైంది.

రెండో ఉదాహరణ ఆఫ్రికాలోని మొజాంబిక్. ఎయిడ్స్ వల్ల అక్కడ ఊళ్లకు ఊళ్లే ఒక తరం పెద్దల్ని కోల్పోయాయి. పిల్లలకు అమ్మానాన్న మాత్రమే కాదు, విత్తనం ఎప్పుడు వేయాలో, ఏ ఆకు తినొచ్చో చెప్పేవాళ్లు కూడా లేకుండా పోయారు. అప్పుడు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆహార కార్యక్రమం కలిసి 2003-04 ప్రాంతంలో పిల్లల కోసం పొలం బడులు మొదలుపెట్టాయి. 12 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు సుమారు 30 మంది, అమ్మాయిలు అబ్బాయిలు సమానంగా. దాదాపు ఏడాదిపాటు, వారానికి రెండు మూడు సార్లు, బడి వేళలు కాని సమయంలో కలుస్తారు. వ్యవసాయం తెలిసిన ఒకరు, ఒక టీచర్, పాటలూ నాటకాలూ ఆడించే ఒకరు ముగ్గురూ కలిసి నడిపిస్తారు. తర్వాత ఇది కెన్యా, మలావీ, జాంబియా, టాంజానియా వంటి దేశాలకు వెళ్లింది.

ఆ బడి పద్ధతి చాలా తెలివైనది. పిల్లలు ముందు మొక్కను చూస్తారు, చూసింది బొమ్మ గీస్తారు, గుంపులో మాట్లాడుకుంటారు, ఏం చేయాలో తామే నిర్ణయిస్తారు. "ఈ మొక్కకు ఏ ప్రమాదాలు ఉన్నాయి? ఎవరు కాపాడాలి?" అనే ప్రశ్న మెల్లగా "నాకు ఏ ప్రమాదాలు ఉన్నాయి? నేను ఎవరికి చెప్పాలి?" అనే ప్రశ్నగా మారుతుంది. తన గురించి నోరు విప్పని బిడ్డ మొక్క గురించి మాట్లాడుతుంది. అక్కడి నుంచి తన గురించి మాట్లాడటానికి ఒక దారి దొరుకుతుంది.

ఇందులో మనకు పరాయిది ఏమీ లేదు. ఈ పద్ధతికి మూలం 1989లో ఇండోనేషియాలో వరి రైతుల కోసం మొదలైన ఫార్మర్ ఫీల్డ్ స్కూల్. మన వ్యవసాయ శాఖ అదే పద్ధతిని "పొలంబడి" పేరుతో నడిపింది. మీ ఇంట్లో వ్యవసాయం చేసే పెద్దవాళ్లుంటే అడిగి చూడండి, ఆ పేరు వాళ్లు విని ఉంటారు.

తోట బిడ్డకు ఇచ్చేవి ఏమిటి?

బీఈడీలో చదువుకున్న సైకాలజీని క్లాస్‌రూమ్‌లో చూసినదానితో కలిపి నాలుగు విషయాలు చెబుతాను.

1. రేపటి మీద నమ్మకం. ఉన్నట్టుండి మనుషుల్ని పోగొట్టుకున్న బిడ్డకు రేపు ఏమవుతుందో అన్న భయం లోపల ఉంటుంది. మెంతులు చల్లితే నాలుగైదు రోజుల్లో మొలక, మూడు నాలుగు వారాల్లో కూర. ముల్లంగి నలభై రోజుల లోపలే చేతికొస్తుంది. "చెప్పినట్టే జరిగింది" అన్న అనుభవం పదే పదే కలిగితేనే నమ్మకం తిరిగి వస్తుంది.

2. తీసుకోవడమే కాకుండా ఇవ్వడం. ఆశ్రమంలో ఉండే బిడ్డ ఎప్పుడూ చేయి చాచే వైపే ఉంటుంది. బట్టలు ఎవరో ఇస్తారు, పుస్తకాలు ఎవరో ఇస్తారు. తాను పెంచిన వంకాయలు వంట అక్కకు ఇచ్చినప్పుడు, మీ ఇంటికి ఒక కట్ట గోంగూర పంపినప్పుడు, ఆ బిడ్డ మొదటిసారి ఇచ్చే వైపు నిలబడుతుంది.

3. ఎదురుగా కూర్చోకుండా మాట్లాడుకోవడం. "నీ బాధ చెప్పు" అని ఎదురుగా కూర్చుని అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. పక్కపక్కన కూర్చుని కలుపు తీస్తున్నప్పుడు చూపులు మట్టి మీద ఉంటాయి. మాట దానంతట అదే వస్తుంది. ఇది మీ సొంత పిల్లల విషయంలోనూ నిజమే, ప్రయత్నించి చూడండి.

4. పోవడం గురించి భయం లేకుండా తెలుసుకోవడం. కొన్ని మొక్కలు చచ్చిపోతాయి. కొన్ని మన తప్పు వల్ల, చాలావరకు ఎవరి తప్పూ లేకుండా. అమ్మ పోయిన బిడ్డ "నా వల్లే" అని లోపల అనుకోవడం తరచూ జరుగుతుంది. ఎండిన మొక్కను తీసి ఎరువు గుంతలో వేసి, అదే మళ్లో ఇంకో గింజ పెట్టడంలో ఏ ఉపన్యాసమూ చెప్పలేని పాఠం ఉంది.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోవాలి. తోట మందు కాదు. నిద్ర పట్టని, తిండి మానేసిన, తనను తాను గాయపరుచుకునే బిడ్డకు కౌన్సెలర్, డాక్టర్ అవసరం. టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తోట చేసేది ఏమిటంటే, ఆ మార్పును ముందుగా గమనించే పెద్దవాళ్లను ఆ బిడ్డ దగ్గర ఉంచడం.

మన ప్రాంతంలో ఏమున్నాయి?

మనం ఖాళీ నేల మీద మొదలుపెట్టడం లేదు. తల్లిదండ్రులు లేని పిల్లలకు టీటీడీ తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర బాలమందిరం నడుపుతోంది. చదువు మధ్యలో ఆగిన, అండ లేని ఆడపిల్లల కోసం మండలాల్లో కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. ఈ పథకం 2004లో మొదలైంది. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి తోడుగా "స్కూల్ న్యూట్రిషన్ గార్డెన్" వేయాలని కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి పిల్లల తోట అనే మాట ప్రభుత్వ పద్ధతుల్లో ఇప్పటికే ఉంది.

వ్యవసాయ సలహాకు కూడా మనకు కొదవ లేదు. తిరుపతిలో 1961 నుంచి ఎస్వీ వ్యవసాయ కళాశాల ఉంది. కరకంబాడి దగ్గర రాస్ సంస్థ నడిపే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రమంతా నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో పెరటి తోటలు ఒక ముఖ్య భాగం. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో భాగం దక్కింది. ఆ పని చేస్తున్న పొదుపు సంఘాల అక్కలు మన చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లను మించిన గెస్ట్ టీచర్లు మనకు దొరకరు.

రాళ్ల నేల పచ్చబడగలదా అని సందేహించేవాళ్లు రెండు చోట్లకు పిల్లల్ని తీసుకువెళ్లండి. ఒకటి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. కరువు నేలలో ఏళ్ల తరబడి చెట్లు పెంచారు, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించుకున్నారు. రెండోది కుప్పం దగ్గర గుడివంకలోని అగస్త్య ఫౌండేషన్ క్యాంపస్. రెండు చోట్లా పచ్చదనం ఒక్క ఏడాదిలో రాలేదు.

తోట ఎలా నడపాలి?

స్థలం: పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న మళ్లు ఆరు చాలు. నాలుగు అడుగులు మించితే పిల్లల చేయి మధ్యకు అందదు, మట్టి తొక్కేస్తారు. స్థలం లేకపోతే మిద్దె మీద పాత టబ్బులు, సిమెంట్ సంచులు. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వాన గట్టిగా పడుతుంది. కాబట్టి మళ్లు జానెడు ఎత్తులో ఉండాలి, నీళ్లు నిలవకూడదు.

సమయం: సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదున్నర. మొదటి పది నిమిషాలు చేతులు కాళ్లు కడిగి ఏదైనా తినడం. ఆకలి మీద ఉన్న బిడ్డ చేత మట్టి పని చేయించకూడదు. తర్వాత పది నిమిషాలు చూడటం, గీయడం. అరగంట పని. చివరి పది నిమిషాలు గుండ్రంగా కూర్చుని ఆ రోజు చూసింది చెప్పుకోవడం. ఈ వరుస ఎప్పుడూ మార్చకండి. వరుస తెలిస్తేనే బిడ్డకు ధైర్యం.

జట్టు: ఇద్దరు పిల్లలకు ఒక మడి. ఆశ్రమం నుంచి ఒకరు, మన బడి నుంచి ఒకరు. ప్రతి ఆరుగురికి ఒక పెద్ద.

పంటలు: జూన్, జూలైలో బెండ, గోరుచిక్కుడు, అలసంద, గోంగూర. అక్టోబర్, నవంబర్‌లో టమాటా, వంగ నారు, ముల్లంగి, మెంతి. జనవరి నుంచి తోటకూర, పాలకూర. ఎండాకాలం నాలుగు మునగ, కరివేపాకు మొక్కలు తప్ప మిగతా మళ్లను ఎండుగడ్డితో కప్పి నేలకు విశ్రాంతి ఇవ్వండి. మొదటి నెలలో మాత్రం తొందరగా వచ్చే ఆకుకూరలే వేయండి. ఓపిక నేర్పాలంటే ముందు గెలుపు రుచి చూపించాలి.

ఎరువు: ద్రవ జీవామృతం పిల్లలకు మంచి సైన్స్ పాఠం. 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, ఒక పిడికెడు గట్టు మన్ను. నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో కలపాలి. బెల్లం ఎందుకు? పిండి ఎందుకు? సూక్ష్మజీవులకు అవి తిండి. ఎనిమిదో తరగతి పాఠం బకెట్‌లో కనిపిస్తుంది. కలిపేది పెద్దవాళ్లు చూస్తుండగానే, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఒక పంట గురించి ప్రత్యేకంగా చెప్పాలి: అనప. మన చిత్తూరు వైపు సంక్రాంతికి పితికిపప్పు లేని ఇల్లు ఉండదు. నాటు అనప పగటిపొద్దు తగ్గాకే పూతకు వస్తుంది. కాబట్టి ఇప్పుడు, జూలైలో గింజ పెడితే కాయ కోసేది డిసెంబర్, జనవరిలోనే. ఎంత ఎరువు వేసినా ముందుకు రాదు. ఐదారు నెలలు తీగ పాకడం చూస్తూ ఉండాలి. ప్రతి జట్టూ తన మడి అంచున నాలుగు అనప గింజలు తప్పక పెట్టాలని నా సూచన. ఇది పిల్లల ఓపిక పరీక్ష అనుకుంటాం, నిజానికి పెద్దల పరీక్ష. జూలైలో వచ్చిన మనం సంక్రాంతికి కూడా అక్కడ ఉంటామా?

చేయకూడనివి

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే. ఒకసారి మనుషుల్ని పోగొట్టుకున్న బిడ్డ దగ్గరకు ఉత్సాహంగా వెళ్లి, రెండు నెలలకు పరీక్షలనో ఫంక్షన్లనో మానేస్తే, "అందరూ ఇంతే" అన్న పాఠాన్ని మనమే మళ్లీ నేర్పినట్టు. "నారు పోసినవాడు నీరు పోయడా" అని దేవుడి మీద భారం వేస్తాం. తోటలో మాత్రం నారు పోసిన మనిషే నీరు పోయాలి. ఏడాది రాలేమనిపిస్తే మొదలుపెట్టకండి, విత్తనాలో పనిముట్లో ఇచ్చి సాయపడండి. అదీ మంచి సాయమే. సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారో ముందే రాసి పెట్టుకోండి. రాలేని రోజు ముందుగా బిడ్డకే చెప్పండి.

ఫోటోలు తీయకండి. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే వివరాలు ఏ మాధ్యమంలోనూ వెల్లడించకూడదని బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ చెబుతుంది. మీరితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. మీ వాట్సాప్ స్టేటస్‌కు బెండకాయ ఫోటో చాలు.

పని చేయించుకోకండి. పంట పిల్లలది. కోసింది వాళ్ల వంటింటికే వెళ్లాలి, మిగిలితే ఎవరికివ్వాలో వాళ్లే తేల్చాలి. గునపం, మందులు, బరువులు మోయడం పెద్దల పని. అలసిన బిడ్డ గట్టు మీద కూర్చుని చూస్తానంటే చూడనివ్వండి.

ఒంటరిగా వెళ్లకండి. ఆశ్రమం వాళ్ల, జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ల అనుమతి ముందుగా కావాలి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలి, ఏ బిడ్డనూ మన బండి మీద బయటకు తీసుకెళ్లకూడదు. మనసు కరిగి "ఈ పాపను మేమే పెంచుకుంటాం" అనిపిస్తే, దానికి కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా నమోదు చేసుకోవడమే దారి. ఆ మాట బిడ్డ ముందు ఎప్పుడూ అనకండి.

మీ సందేహాలు

"మా పాప చదువు టైమ్ పోదా?" వారానికి రెండు గంటలు. మొలకెత్తడం, కిరణజన్య సంయోగక్రియ, మడి వైశాల్యం, లీటర్ల లెక్క, పరిశీలన రాయడం, అన్నీ సిలబస్‌లో ఉన్నవే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య 10 బ్యాగ్ లేని రోజులు ఉండాలని జాతీయ విద్యావిధానం 2020 కూడా చెబుతోంది.

"జబ్బులేమైనా అంటుకుంటాయా?" ఈ ప్రశ్న నేరుగా అడగడానికి కొందరు మొహమాటపడతారు, అందుకే నేనే రాస్తున్నాను. హెచ్‌ఐవీ కలిసి ఆడుకోవడం వల్ల, కలిసి తినడం వల్ల, ఒకే మట్టిలో పని చేయడం వల్ల రాదు. ఆ కారణంగా ఎవరినీ దూరం పెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఏ బిడ్డకు ఏ జబ్బు ఉందో అడగడం కూడా మన పని కాదు. మట్టి పనికి కావాల్సిన జాగ్రత్త వేరే ఉంది: పదేళ్లకు, పదహారేళ్లకు వేయించాల్సిన టీడీ టీకా మీ బిడ్డకు పడిందో లేదో చూసుకోండి. చెప్పులు, సబ్బు తప్పనిసరి.

"మా వాడికి ఏమని చెప్పి పంపాలి?" "పాపం, వాళ్లకు ఎవరూ లేరు" అని చెప్పకండి. "వారానికి రెండు రోజులు నీకు తోటలో ఒక జట్టు ఉంటుంది" అని చెప్పండి, చాలు. అమ్మానాన్నల గురించి ప్రశ్నలు వేయొద్దనీ, వాళ్లే చెబితే వినమనీ, విన్నది ఇంకొకరికి చెప్పొద్దనీ నేర్పండి.

"ఖర్చు?" ఒక పార, రెండు తొలికలు, రెండు నీళ్ల క్యాన్లు, విత్తనాలు, కొంచెం బెల్లం, పిండి. నలుగురు తల్లిదండ్రులు పంచుకుంటే ఒక పుట్టినరోజు పార్టీ ఖర్చులో ఏడాది తోట గడుస్తుంది.

తెలిసి ఉండాల్సిన సహాయం

మీ వీధిలో, మీ బంధువుల్లో, మీ ఇంట్లో పనిచేసే అక్క కుటుంబంలో ఇలాంటి బిడ్డ ఉంటే ఈ వివరాలు చెప్పండి. మిషన్ వాత్సల్య పథకం కింద తండ్రి లేని పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథ పిల్లలకు, ఇంకా కొన్ని కష్టాల్లో ఉన్న పిల్లలకు స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు మించకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. ఆపదలో ఉన్న ఏ బిడ్డ కోసమైనా 1098కు రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు. చదువు రాని అవ్వలు ఫారం చూసి వెనక్కి తిరిగిపోతారు. పక్కన కూర్చుని ఆ ఫారం నింపిపెట్టడం కూడా తోట పనిలాంటిదే.

ఈ నెల ఇంట్లో చేయండి

ఒకటి: మీ బిడ్డతో కలిసి ఒక కుండీలో మెంతులు చల్లండి. ఏడు రోజులు రోజూ ఒకే టైముకు చూసి, బొమ్మ గీసి, ఒక వాక్యం రాయించండి. ఇంగ్లిష్‌లో రాసినా తెలుగులో రాసినా సరే.

రెండు: మీ అమ్మనో అత్తనో అడిగి వాళ్ల ఊరి విత్తనాలు, అనప, అలసంద, బీర, కాకర, ఏవైనా ఒక పొట్లం కట్టి, పేరూ ఊరూ రాసి క్లాస్ టీచర్‌కు పంపండి.

మూడు: భార్యాభర్తలు కూర్చుని మీ వారాన్ని నిజాయితీగా లెక్కవేసుకోండి. మంగళవారం, శుక్రవారాల్లో ఒక్క రోజైనా, ఒక్కరైనా, వచ్చే సంక్రాంతి దాకా తప్పకుండా రాగలమనుకుంటేనే డైరీలో "తోటకు వస్తాం" అని రాసి సంతకం చేయండి. పది సంతకాలు వస్తే మన బ్రాంచ్ తరఫున అనుమతుల కోసం దరఖాస్తు పెడతాం. మూడే వస్తే మూడు మళ్లతోనే మొదలుపెడదాం. ఎంతమంది వచ్చారన్నది తర్వాతి సంగతి, వచ్చినవాళ్లు మళ్లీ వచ్చారా అన్నదే పిల్లలు చూస్తారు.

అనప గింజ పెట్టడానికి ఈ నెల దాటనివ్వకూడదు. డైరీలు ఈ శనివారంలోగా పంపగలరు.